చౌక రికార్డు, సావుకారి పద్దు

సంతలో ఎవరైనా సరుకు ధర మరీ తక్కువ చెబితే మన పెద్దవాళ్లు సరుకు వైపు కాదు, కాటా వైపు చూస్తారు. చరిత్ర పాఠం చెప్పే మాకు అది మంచి పద్ధతి అనిపిస్తుంది. ఈ వ్యాసంలో మేము అలా చూడబోయేది కొన్ని పాటల రికార్డుల్ని. పాడినవాడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రపు నల్లజాతి గిటారు కళాకారుడు లైట్నిన్ హాప్కిన్స్. బ్లూస్ అనే పాటల సంప్రదాయంలో పెద్ద పేరు. అయినా ఆయన రికార్డులు ఎప్పుడూ చౌకగానే దొరికాయి. హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల పక్కన మాకు దొరికిన సీడీ కూడా అలాంటిదే. టీ, టిఫిన్ ఖర్చంత కూడా కాలేదు. దాని అట్ట మీద ఆయన బొమ్మ ఉంది, పాటల పేర్లు ఉన్నాయి. ఏ ఏడు పాడాడో, ఏ ఊళ్లో పాడాడో, పక్కన ఎవరు వాయించారో, ఆయనకు ఎంత ఇచ్చారో ఏమీ లేదు. చౌక ముద్రణల్లో ముందు పోయేది తారీఖే. మేము చదివి, విని, ఆ ఖాళీలు కొన్ని పూరించుకున్నాం.

ముందు ఆ పాట ఎలా ఉంటుందో చెప్పాలి. బ్లూస్‌లో ఎక్కువగా ఒక చరణానికి మూడు వరుసలు. మొదటి వరుస పాడతారు, దాన్నే మళ్లీ పాడతారు, మూడో వరుసలో దానికి జవాబు చెబుతారు. మనిషి ఒంటరిగా కూర్చుని తన కష్టం తనకే చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. హాప్కిన్స్ రికార్డుల్లో మేము చెప్పబోయేవి కరెంటు లేని కొయ్య గిటారుతో పాడినవి. ఆయన బొటనవేలు లావు తీగల మీద దెబ్బ వేస్తూ ఉంటుంది. అది డప్పు పని. మిగతా వేళ్లు సన్న తీగల మీద పాటకు బదులు చెబుతాయి. అది మోరి పని. గొంతు ఆగినచోట గిటారు అందుకుంటుంది, గిటారు ఆగినచోట గొంతు. ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు వినిపిస్తుంది గాని ఉన్నది ఒక్కడే.

ఇంకో సంగతి. బ్లూస్‌కు పన్నెండు కొలతల చట్రం ఉందని పుస్తకాలు రాస్తాయి. హాప్కిన్స్ ఆ చట్రంలో ఇమడడు. మాట పొడుగైతే వరుస పొడుగవుతుంది, ఊపిరి తక్కువైతే తగ్గుతుంది. ఎక్కడ మార్చాలనిపిస్తే అక్కడే మారుస్తాడు. పక్కన డ్రమ్ముకో బాస్‌కో కూర్చున్నవాళ్లు ఆయన ముఖం చూస్తూ వాయించాల్సి వచ్చేదట. థింసా చూసినవాళ్లకు ఇది వింత కాదు. ఆడేవాళ్ల అడుగు చూసి తుడుం నడుస్తుంది, తుడుం చూసి అడుగు నడుస్తుంది, గడియారం చూసి ఎవరూ నడవరు.

ఆయన అసలు పేరు శామ్ జాన్ హాప్కిన్స్. టెక్సాస్‌లో సెంటర్‌విల్ అనే చిన్న ఊరు. పుట్టింది 1912 మార్చి 15 అని ఎక్కువచోట్ల ఉంటుంది, 1911 అని చెప్పే కాగితాలూ ఉన్నాయి. ఈ గొడవ మన ఉపాధ్యాయులకు కొత్తది కాదు. మన బడి రిజిస్టర్లలో అంతమంది పిల్లలు జూన్ నెలలోనే ఎందుకు పుట్టారో మనకు తెలుసు. మూడేళ్ల వయసులో తండ్రి పేకాట తగాదాలో హత్యకు గురయ్యాడు. అన్నలకు గిటారు వచ్చు, వాళ్ల గిటారు ముట్టుకోనివ్వరు. చుట్టల పెట్టెకు తీగలు బిగించి ఈయన తన మొదటి గిటారు తానే చేసుకున్నాడు. 1920 ప్రాంతంలో, ఎనిమిదేళ్ల వయసులో, దగ్గరి బఫెలో అనే ఊళ్లో చర్చి వాళ్ల జాతరలాంటి కూడికకు వెళ్లాడు. అక్కడ బ్లైండ్ లెమన్ జెఫర్సన్ అనే అంధ గాయకుడు పాడుతున్నాడు. పిల్లవాడు వెనక నిలబడి తన గిటారుతో ఆయన వరుసను అందుకున్నాడు. ఎవరో తన వెంట వాయిస్తున్నారని జెఫర్సన్ మొదట కోప్పడ్డాడు. చిన్న పిల్లవాడని తెలిశాక దగ్గరికి పిలిచి నేర్పాడు. హాప్కిన్స్ ముసలితనం దాకా చెప్పుకున్న కథ ఇది. తర్వాత బంధువైన టెక్సాస్ అలెగ్జాండర్ వెంట ఊరూరా తిరిగి గిటారు వాయించాడు. అలెగ్జాండర్‌ది వాద్యం లేకుండా పొలంలో పాడుకునే గొంతు. ఏ కొలతకూ లొంగేది కాదు. హాప్కిన్స్ స్వేచ్ఛకు మూలం అక్కడుందని మాకనిపిస్తుంది.

ఇప్పుడు పద్దు పుస్తకం దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ రికార్డుల ధర అక్కడ మొదలవుతుంది.

టెక్సాస్‌లో బానిసలకు విడుదల ప్రకటన వినిపించింది 1865 జూన్ 19న. విడుదల వచ్చింది గాని భూమి రాలేదు. దొర భూమిలోనే పత్తి వేయాలి. పద్ధతులు రెండు. మనిషి దగ్గర కంచరగాడిద, నాగలి, గింజలు ఏమీ లేకపోతే పంటలో సగం దొరది. సొంత పశువు, పనిముట్లు ఉంటే మొక్కజొన్నలో మూడో వంతు, పత్తిలో నాలుగో వంతు దొరది. వినడానికి న్యాయంగానే ఉంది. కాని పంట చేతికి వచ్చేదాకా పిండి, నూనె, గుడ్డ, చెప్పులు అన్నీ దొర కొట్టులోనో, ఊళ్లో కొట్టులోనో అప్పు. రాసేది కొట్టువాడు. ఏడాది చివర లెక్క చూసేది దొర. చదువు రానివాడు, వచ్చినా నోరెత్తితే దెబ్బలు తినేవాడు, ఆ పుస్తకంలో ఏముందో అడగలేడు. ఎంత పత్తి తీసినా ఇంకా కొంచెం బాకీ ఉన్నట్టే తేలేది. బాకీ ఉన్నవాడు ఊరు వదలకూడదు. వదిలితే షెరీఫ్ వస్తాడు. తగాదా పడితే రోడ్డు పనికి గొలుసులు వేసి తోలుతారు. హాప్కిన్స్ కూడా 1930లలో అలాంటి గొలుసు పని చేశానని చెప్పుకున్నాడు, కాళ్ల మీద మచ్చలు చూపించేవాడు.

ఈ భాగం చదువుతున్నప్పుడు మాకు నిఘంటువు అవసరం రాలేదు. ఏజెన్సీలో ఒక పాత చట్టం ఉండేది, 1917 నాటిది: వడ్డీ, భూముల బదలాయింపు మీద. నూటికి 24కి మించి ఏడాది వడ్డీ తీయరాదని, ప్రభుత్వ అధికారి అనుమతి లేకుండా ఆదివాసీ భూమి ఆదివాసీకి తప్ప మరొకరికి పోరాదని అందులో ఉంది. అలాంటి చట్టం రాయాల్సి వచ్చిందంటే అప్పటికి సావుకారి పద్దులు ఎలా ఉన్నాయో ఊహించుకోవచ్చు. హాప్కిన్స్ అప్పటికి ఐదేళ్ల పిల్లవాడు. ఇక్కడ చింతపండు, అడ్డాకులు, పసుపు. అక్కడ పత్తి. పుస్తకం మాత్రం ఒక్కలాంటిదే. మన దగ్గర 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టింది ఆ సావుకార్ల చేతుల్లోంచి కొనుగోలు తప్పించడానికే. 

పాట కూడా సరుకైంది 1920లో. ఆ ఏడు ఆగస్టులో మేమీ స్మిత్ అనే నల్లజాతి గాయని న్యూయార్కులో పాడిన బ్లూస్ రికార్డు విపరీతంగా అమ్ముడైంది. నల్లవాళ్లు రికార్డులు కొంటారని కంపెనీలకు అప్పుడు తెలిసింది. వాళ్లకోసం వేరే పట్టికలు వేశారు. వాటిని జాతి రికార్డులు అన్నారు. ధర 75 సెంట్లు. జెఫర్సన్ పాటలు వేసిన పారమౌంట్ అనే కంపెనీ అసలు విస్కాన్సిన్‌లో కుర్చీలు చేసే కర్మాగారానిది. కుర్చీల వాళ్లు గ్రామఫోను పెట్టెలు చేశారు, పెట్టెలు అమ్ముడుపోవడానికి రికార్డులు చేశారు. అంటే బ్లూస్ చరిత్రలో ఒక పెద్ద భాగం కర్ర సామాను వ్యాపారానికి తోకలా పుట్టింది. వాళ్లు వాడిన ముడిసరుకు నాసిరకం. అందుకే జెఫర్సన్ గొంతు ఇప్పటికీ పెనం మీద వేగుతున్నట్టు వినిపిస్తుంది. తర్వాత మాంద్యం వచ్చి జనం దగ్గర డబ్బు ఆడకపోయేసరికి బ్లూబర్డ్, డెక్కా వంటి చౌక రకాలు 35 సెంట్లకు వచ్చాయి. కొనేవాడికి సగం కన్నా తక్కువైంది, సంతోషమే. పాడినవాడికి మాత్రం ఎక్కువగా ఒకేసారి ఇచ్చే చిన్న మొత్తమే, ఎన్ని ప్రతులు అమ్ముడైనా.

హాప్కిన్స్ వంతు 1946లో వచ్చింది. లోలా ఆన్ కల్లమ్ అనే ఆమె హ్యూస్టన్‌లో ఆయన పాట విని, విల్సన్ స్మిత్ అనే పియానో కళాకారుడితో కలిపి లాస్ ఏంజెలెస్‌కు తీసుకెళ్లింది. అలాడిన్ కంపెనీ రికార్డు వేసింది. పియానో ఆయనకు ఉరుము అని, ఈయనకు మెరుపు అని పేరు పెట్టారు. లైట్నిన్ అంటే మెరుపే. పేరు బాగా కుదిరింది గాని ఆయనకు లాస్ ఏంజెలెస్ కుదరలేదు. హ్యూస్టన్‌కు తిరిగి వచ్చి, రేడియోలు బాగుచేసే పని నుంచి రికార్డుల వ్యాపారంలోకి వచ్చిన బిల్ క్విన్ దగ్గర, గోల్డ్ స్టార్ ముద్ర మీద పాడటం మొదలుపెట్టాడు.

అక్కడ ఆయన పెట్టిన షరతు ప్రసిద్ధమైంది. పాట పాడగానే చేతిలో డబ్బు పెట్టాలి. అమ్మకాల మీద వాటా, ఆరునెలల లెక్క, ఏడాది లెక్క, అవేవీ వద్దు. పాటకు వంద డాలర్ల దాకా తీసుకునేవాడు. ఇచ్చిన వెంటనే మరో పాట. డబ్బు ఆగితే పాట ఆగుతుంది. ఒక కంపెనీతో ఒప్పందం ఉన్నా ఇంకో కంపెనీకి పాడేవాడు. ఒకే పాటను మాటలు అటూఇటూ చేసి రెండోచోట, మూడోచోట అమ్మేవాడు. ఇలా ఎన్ని ముద్రల మీద పాడాడో లెక్క తేల్చడానికి పరిశోధకులు ఇప్పటికీ కష్టపడుతున్నారు.

దీన్ని కొందరు ఆయన అమాయకత్వం అంటారు, కొందరు లోభం అంటారు. మాకు రెండూ సరిగ్గా అనిపించవు. ఏడాది చివరి లెక్క అంటే ఏమిటో చిన్నప్పటి నుంచి చూసినవాడు ఆయన. పుస్తకం ఎవరి దగ్గర ఉంటే లెక్క వాళ్లదే అవుతుందని పత్తి చేనులో నేర్చుకున్నాడు. తెల్ల కంపెనీవాడు ఆరునెలల తర్వాత చూపించే కాగితానికీ, దొర డిసెంబరులో చూపించే కాగితానికీ ఆయనకు తేడా కనిపించలేదు. చేతికి వచ్చిన నోటును ఎవరూ తిరగరాయలేరు. అయితే నష్టం కూడా చెప్పాలి. ఆ నోటుతో పాట మీద హక్కు మొత్తం పోయేది. తర్వాత ఎన్ని లక్షల మంది విన్నా ఆయనకు గాని, ఆయన పిల్లలకు గాని ఆ దారిన చిల్లిగవ్వ రాదు. చేతిలో ఉన్నది కాపాడుకుని రేపటిది వదులుకున్నాడు. బాకీలో బతికినవాళ్లకు వేరే దారి ఎంతసేపు ఉంటుంది?

1950ల మధ్యకు వచ్చేసరికి రాక్ అండ్ రోల్ గాలి వీచింది, ఆయన పాతబడ్డాడు. హ్యూస్టన్ థర్డ్ వార్డులో, డౌలింగ్ స్ట్రీట్ చుట్టుపక్కల సారా కొట్లలో వాయించుకుంటూ ఉన్నాడు. ఆ వీధి గురించి ఒక మాట. విడుదలైన బానిసలు 1872లో చందాలు వేసుకుని జూన్ 19 పండుగ చేసుకోవడానికి భూమి కొన్నారు. ఆ పార్కు ఈ వీధి మీదే ఉంది. వీధి పేరు మాత్రం బానిసత్వం నిలబెట్టాలని పోరాడిన సైన్యపు అధికారిది. 2017లో గాని ఆ పేరు మార్చలేదు. ఇప్పుడది విముక్తి మార్గం.

ఆ వీధుల్లో హాప్కిన్స్‌ను వెతుక్కుంటూ 1959 జనవరిలో శామ్యూల్ చార్టర్స్ అనే పరిశోధకుడు వచ్చాడు. జనవరి 16న హాడ్లీ స్ట్రీట్‌లోని అద్దె గదిలో ఒక్క మైకు పెట్టి రికార్డు చేశాడు. మూడు వందల డాలర్లు ఇచ్చాడు. ఫోక్‌వేస్ సంస్థ ఆ రికార్డు వేసింది. అదే ఏడు హ్యూస్టన్‌లోనే ఉండే మాక్ మెకార్మిక్ కూడా ఆయన చేత కొయ్య గిటారుతో పాడించి మరికొన్ని రికార్డులు తెచ్చాడు. ఇప్పుడు చౌక సీడీల్లో మనకు దొరికేవి ఎక్కువగా ఈ కాలపు పాటలే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అప్పటికి హాప్కిన్స్ చాలా ఏళ్లుగా కరెంటు గిటారు వాయిస్తున్నాడు. 1954లో హెరాల్డ్ అనే కంపెనీకి పాడిన పాటల్లో ఆ గిటారు నిప్పులు కక్కుతుంది. నల్ల కళ్లద్దాలు, మంచి బట్టలు, నగరంలో బతికే మనిషి. కొయ్య గిటారు ఆయన ఎంచుకున్నది కాదు, వచ్చినవాళ్లు అడిగింది. కాలేజీల్లో చదివే తెల్ల యువకులు ఆ రోజుల్లో జానపదం అంటే పడి చచ్చేవాళ్లు. కరెంటు తగిలితే అసలుది కాదని వాళ్ల నమ్మకం. పల్లెటూరి నల్లవాడు వరండాలో కూర్చుని పాడుతున్నట్టు వాళ్లకు వినిపించాలి. అందుకని తాకట్టు కొట్టు నుంచి కొయ్య గిటారు తెప్పించారు.

మనకు ఇది బాగా తెలిసిన ఆట. ఊరికి కెమెరా వస్తే ప్యాంటు విప్పి గోచీ కట్టమంటారు, స్టీలు బిందె పక్కన పెట్టి కుండ నెత్తికెత్తమంటారు. చదువుకున్న అమ్మాయిని నగలు మార్చి నిలబెడతారు. మేము ఈ మాట అంటున్నది ఆ రికార్డులు అబద్ధమని చెప్పడానికి కాదు. వినండి, అబద్ధం వినిపించదు. ఆ చిన్న గదిలో తీగ మీద వేలు జారడం, కాలు నేలను తట్టడం, ఊపిరి తీయడం అన్నీ వినిపిస్తాయి. అడిగింది వాళ్లు, పాడింది ఆయన. పాత గిటారు ఇచ్చినా తన రోజు సంగతే పాడాడు. అదే ఏడు కాలిఫోర్నియా నుంచి వచ్చిన క్రిస్ స్ట్రాక్‌విట్జ్ ఆయన్ను సారా కొట్లో చూశాడు. బయట వాన, రోడ్డు మీద నీళ్లు, ఎదురుగా కూర్చున్న మనిషి, అన్నీ అక్కడికక్కడే పాటలోకి వచ్చేస్తున్నాయి. అది చూసి ఆశ్చర్యపోయి 1960లో ఆర్‌హూలీ అనే రికార్డుల సంస్థే పెట్టాడు. మన పెళ్లిలో వియ్యాలవారి మీద అప్పటికప్పుడు పాట కట్టే అత్తలు, వదినలు ఇంకా ఉన్నారు కాబట్టి మనకు ఆశ్చర్యం కొంచెం తక్కువ.

1960 అక్టోబరు 14న న్యూయార్కు కార్నెగీ హాలులో పీట్ సీగర్, జోన్ బాయెజ్‌లతో ఒకే వేదిక మీద పాడాడు. తర్వాత యూరపు కూడా వెళ్లాడు. షరతు మారలేదు, ముందు డబ్బు, తర్వాత పాట. 1982 జనవరి 30న హ్యూస్టన్‌లో చనిపోయేదాకా పాడుతూనే ఉన్నాడు.

ఇప్పుడు కాటా దగ్గరికి. ఆ సీడీ ఎందుకంత చౌక? పాటల హక్కు ఆయన చేతిలో లేదు. చిన్న కంపెనీలు పెద్ద కంపెనీలకు అమ్ముకున్నాయి, అవి ఇంకొకరికి అద్దెకిచ్చాయి. పాడినవాడికి అమ్మకాల వాటా కట్టక్కరలేని పాటలు వందల్లో ఉంటే, వాటిలోంచి ఏ పన్నెండు తీసినా ఒక రికార్డు. అట్ట మీద తారీఖు రాస్తే అది పాత ముద్రణేనని తెలిసిపోతుంది, అందుకే రాయరు. ఒకే పాటలు వేర్వేరు పేర్లతో, వేర్వేరు అట్టలతో మళ్లీ మళ్లీ వచ్చాయి. అయినా ఒప్పుకోవాలి, చౌక కాబట్టే అది అబిడ్స్ దాకా వచ్చింది, మా చేతికి దొరికింది. ఖరీదైన పెట్టెల్లో, పెద్ద పుస్తకంతో సహా వచ్చే రికార్డులు మాలాంటివాళ్ల దాకా రావు. ఈ రెండు మాటల్లో ఏదో ఒకటి వదిలేసి తేలికగా ఉండాలని మాకూ ఉంటుంది, కుదరడం లేదు.

మన ఊళ్లలో ఇప్పుడు ప్రతి జేబులో రికార్డు చేసే యంత్రం ఉంది. మోరి ఊదే తాత పాట పొద్దున ఫోనులోకి ఎక్కితే సాయంత్రానికి వేలమంది చూస్తున్నారు. కింద పేరు ఎక్కించినవాడిది ఉంటుంది, తాతది ఉండదు. గిరిజన పాట అని రాస్తారు, ఏ తెగ, ఏ ఊరు అన్నది ఉండదు. మా పిల్లలకు ప్రాజెక్టు పని ఇచ్చినప్పుడు పాట కన్నా ముందు నాలుగు వివరాలు రాయిస్తున్నాం: పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారు. పేరు రాయవచ్చా అని వాళ్లనే అడగమంటున్నాం. ఆ చివరి ప్రశ్న ఎందుకో చెప్పడానికి హాప్కిన్స్ పాటే ఒకటి ఉంది.

బ్రాజోస్, నవసోటా నదుల పక్క పల్లపు భూముల్లో మూర్ సోదరులకు పెద్ద పత్తి కమతం ఉండేది. వాళ్లలో టామ్ మూర్ పేరు చెబితే కూలీలు భయపడేవాళ్లు. అతని కమతంలో పని ఎలా ఉంటుందో చెప్పే పాట ఒకటి కూలీల మధ్య నోటినోటా తిరిగేది. ఎవరు కట్టారో తెలియదు, ఒక్కొక్కరు ఒక్కో చరణం కలిపారు. హాప్కిన్స్ దాన్ని 1948లో గోల్డ్ స్టార్‌కు పాడాడు. బతికున్న భూస్వామి మీద, అతని ఊరికి అంత దగ్గరలో, నల్లవాడు రికార్డు వేయడం అంటే చిన్న విషయం కాదు. రికార్డు మీద పేరు టామ్ మూర్ అని లేదు. టిమ్ మూర్ అని ఉంది. విన్న కూలీలలో ఒక్కడికి కూడా అర్థం చెప్పాల్సిన పని పడలేదు.

నవసోటాలోనే జీవితమంతా కౌలు పత్తి చేసిన మాన్స్ లిప్స్‌కోంబ్ అనే గాయకుడికి కూడా ఆ పాట వచ్చు. 1960లో స్ట్రాక్‌విట్జ్, మెకార్మిక్ ఆయన దగ్గరకు వెళ్లి ఇంట్లోనే పాటలు రికార్డు చేశారు. ఆర్‌హూలీ మొదటి రికార్డు ఆయనదే, పేరుతో సహా వచ్చింది. మూర్ కమతం పాట మాత్రం అందులో లేదు. అది వేరేచోట, పాడినవారి పేరు లేకుండా వచ్చింది. అప్పటికి మూర్ ఇంకా బతికే ఉన్నాడు, లిప్స్‌కోంబ్ ఇల్లు ఆ ఊళ్లోనే ఉంది.